పేరు ఏర్లది, నీళ్ళు కృష్ణవి

బుక్కపట్నానికీ ధర్మవరానికీ మధ్య చిత్రావతి ఒడ్డున ఒక పల్లె అనుకోండి. పేరెందుకు, ఆ ఏటి పొడుగునా ఏ పల్లెలో అయినా ఈ మాటలు వినబడతాయి. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. వదినకు అరవై దాటాయి, నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఆమే చూసుకుంటుంది. మరిది ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు, కాపురం ధర్మవరంలో. వాళ్ళమ్మ సంవత్సరీకానికి ఊరికొచ్చాడు. భోజనాలు అయిపోయి, విస్తళ్ళు తీసేసి, అరుగు మీద చేరారు. నా మొగ్గు వదిన వైపని ముందే చెప్పేస్తున్నాను. అట్లని మరిది నోరు కట్టేయలేదు. ఆయన చెప్పినవాటిలో కొన్నిటికి నా దగ్గరా జవాబు లేదు.

మరిది: ఇంగ ఒకటి రెండేండ్లు ఓపిక పట్టు వదినా. కాలువ వెడల్పు చేసినారు. కృష్ణ నీళ్ళు మన చెరువులో నిల్చినాయంటే ఆయకట్టులో వరే పెట్టుకోవచ్చు.

వదిన: వరి! ఈ మాట మీయన్న ఉన్నప్పటి నుంచి వింటాండా. సరేగానీ, ఆ కాలువ పేరేంది?

మరిది: హంద్రీ-నీవా. నీకు తెలీదా?

వదిన: తెలుసు. హంద్రీ యాడిది, నీవా యాడిది?

మరిది: హంద్రీ కర్నూలు కాడ తుంగభద్రలో కలుస్తాది. నీవా చిత్తూరు పక్క పారేది.

వదిన: పారేదన్నావు సూడు, అదీ. రెండు ఎండిన ఏర్ల పేర్లు కలిపి ఒక కాలువకు పెట్టి, దాంట్లో కృష్ణ నీళ్ళు తోడిపోస్తాండారు. చచ్చిపోయినోళ్ళ పేరు మనమళ్ళకు పెట్టినట్టు. రేపు చిత్రావతి పేరు గూడా ఏదో ఒక పైపుకు పెడతారులే.

మరిది: పేరుతో ఏం పని, నీళ్ళొస్తే సాలదా? నువ్వు ఏరు ఏరు అంటావు. ఏట్లో ఏముండాదని? లెక్క చెప్తా, ఇను. మన జిల్లాకు ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. అది గూడా సరిగా పడితే. పడమటి కనుమలు దాటొచ్చే మేఘం మన దాకా వచ్చేతలికి ఒట్టిపోయి ఉంటాది, ఈశాన్యపు వాన నెల్లూరు, కడప కాడనే అయిపోతాది. రెండిటికీ మధ్య మనం. ఇంగ ఎండ సూడు, ఆవిరయ్యేదానికి అదుపు లేదు. పడేదానికి మూడింతలు తాగేంత ఎండ మనది. చెరువులో నిల్చిన నీళ్ళు నువ్వు తాగేలోపల సూర్యుడే తాగుతాడు. సరే, చిత్రావతి. అది పుట్టేది యాడ? కర్ణాటకలో, నంది కొండల పక్క. పెన్నా ఆడనే, పాపాఘ్నీ ఆడనే. మూడు ఏర్లూ పుట్టింది పరాయి రాజ్యంలో, ఎండింది మన రాజ్యంలో. 1892లో మైసూరోళ్ళూ మద్రాసోళ్ళూ కాగితం రాసుకున్నారు, కిందోళ్ళను అడగకుండా పైన కొత్త కట్టడం కట్టకూడదని. ఆ పట్టీలో ఈ మూడు ఏర్ల పేర్లూ ఉండాయి. ఏం లాభం? బాగేపల్లి కాడ చిత్రావతి మీద పరగోడు డ్యాము కట్టేటప్పుడు మనోళ్ళు ఎంత గొడవ చేసినారో నాకు తెలుసు. పోరుమామిళ్ళ చెరువుకు శాసనం ఉండాది, 1369ది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని దాంట్లో రాసినారు. ఆ ఆరింట్లో ఒకటేందో తెలుసా? రెండు రాజ్యాల హద్దులో ఉండటం. ఆరున్నర నూర్ల ఏండ్ల కిందటోళ్ళకే తెలిసింది, ఇది నమ్ముకునే నీళ్ళు కాదని. నీకింకా తెలీలే.

(ఉద్యోగంలో ఉన్నప్పుడు నేర్చుకున్న మాటలు ఇవి. మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో, ఎక్కడా తడబడలేదు.)

వదిన: ఐదు దోషాలు మింగేస్తివే. తక్కినవి గూడా చెప్పు.

మరిది: కట్టకు ఊట పడటం. చవుడు నేల. చెరువు మధ్యలో మిట్ట. నీళ్ళు శానా ఉండి భూమి తక్కువ. నీళ్ళు తక్కువై భూమి శానా.

వదిన: ఆ కడాదు మళ్ళీ చెప్పు.

మరిది: నీళ్ళు తక్కువ, భూమి శానా.

వదిన: మీ హంద్రీ-నీవాకు నీళ్ళెన్ని?

మరిది: 40 టీఎంసీలు.

వదిన: భూమెంత?

మరిది: ...ఆరు లక్షల ఎకరాల చిల్లర.

వదిన: పాత జిల్లాలు నాలుగింటికీ. తాగేదానికి గూడా దాంట్లోనే గదా? భాస్కరుడు బతికుంటే మీ ప్రాజెక్టుకు ఏ దోషం రాసుండు? ఈడ వరి పెట్టుకోమంటావు నన్ను.

మరిది: వరి అన్నది మాటవరసకు. ఆరుతడికి లెక్కేసింది అది.

వదిన: ఆ 40 అన్నా మనవని కాగితముందా? శ్రీశైలం నిండి, పైన పారితే, ఆ వరద రోజుల్లో తోడుకోవాల. మిగులు. ఒకరు కడుపునిండా తిని లేస్తే మిగిలేది. 2023లో నిండిందా?

మరిది: అది కరువేడు.

వదిన: మనకు కరువైన ఏడు వాళ్ళకూ కరువే, అదే గదా నేనంటాండేది. ఇంగోటి. నిండుగా ఉంటే శ్రీశైలం నీళ్ళు 885 అడుగులని నువ్వే చెప్పినావు ఒకసారి. హిందూపురం ఎంత ఎత్తు? రెండువేల అడుగుల పైన. నీళ్ళు పల్లమెరుగు అని ఊరికే అన్నారా? లిఫ్టు మీద లిఫ్టు పెట్టి, కరెంటు కాల్చి కొండెక్కిస్తాండారు. కరెంటు బిల్లు కట్టలేని ఏడు ఆ నీళ్ళు యాడ నిల్చుంటాయో చెప్పు.

మరిది: అదంతా సరే, తాగే నీళ్ళు? మన చిన్నప్పుడు ఈ పల్లెల్లో పండ్లు చూస్తివా, పసుపు గార పట్టి? ఎముకలు వంగిపోయినోళ్ళు ఎంతమంది? ఫ్లోరైడు. నీ ఏరు, నీ బావి తాగించిందే అది. పుట్టపర్తి బాబా ట్రస్టోళ్ళు 1990లలో వందల పల్లెలకు పైపులేసిందాకా ఎవరన్నా మంచి నీళ్ళు తాగినారా? ఆ నీళ్ళు యాన్నుంచి వచ్చినాయి? తుంగభద్ర నీళ్ళు, పెన్న అహోబిలం రిజర్వాయరు నీళ్ళు. బయట నీళ్ళు, వదినా. బయట నీళ్ళు రాకుంటే నీ మనమరాలి పండ్లు గూడా అట్లనే ఉండు.

(వదిన కాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బ తగిలింది, తగలాల్సిందే.)

వదిన: అది నిజం. కాదనను. మా అత్త మోకాళ్ళు నాకు జ్ఞాపకముండాయి, ఈ పొద్దు ఆమెకే గదా పిండం పెట్టినాం. గానీ అది బోరు నీళ్ళప్పా. లోతు నుంచి రాతిలో తీసిన నీళ్ళు. ఏటి నీళ్ళు కాదు. ఆ పథకానికే కొన్ని ఊళ్ళకు నీళ్ళు తీసింది చిత్రావతి, పెన్న ఒడ్డుల్లో తవ్విన ఊటబావుల్లో నుంచి. ఇసకలో ఊరిన నీళ్ళు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఏటి ఇసకలో తవ్విన చెలమలోనే నీళ్ళు తెచ్చేది మేము. నీకు తెలుసు గదా, నువ్వు గూడా నా ఎంబడి వచ్చేవాడివి చిన్న బిందె పట్టుకొని. మోచేతి లోతు తవ్వితే సాలు, అడుగున ఇసక రంగు మారేది. నల్లగా, సల్లగా. టెంకాయ చిప్పతో మొదుట మూడు సార్లు తోడి పారబోయాల, మురికి. నాలుగోసారికి తేటగా ఊరేది. అట్ల కూచోని చిప్ప చిప్ప పోసుకుంటే బిందె నిండేతలికి ఊరి సంగతులన్నీ అయిపోయేవి. ఎండాకాలం మోచెయ్యి కాస్త భుజం అయ్యేది, అంతే. పైన చూస్తే ఏరు ఎండిపోయి ఉంటాది, కింద పారతానే ఉంటాది. ఊటకాలువ తవ్వి పైన గెడ్డకు మళ్ళిచ్చి రెండో పంట పండిచ్చుకున్నోళ్ళు లేరా? ఇప్పుడు పోయి తవ్వు. బంకమన్ను తగులుతాది. ఇసకంతా బెంగళూరు మేడల్లో ఉండాది.

మరిది: ఇసక్కూ లెక్క చెప్పనా?

వదిన: చెప్పు, నీకు లెక్కలు గదా వచ్చేది.

మరిది: ఏరు నూరు మీటర్ల వెడల్పు, ఇసక ఐదు మీటర్ల లోతు, పొడుగు ఒక కిలోమీటరు. ఐదు లక్షల ఘనపు మీటర్ల ఇసక. దాంట్లో తీసుకోగలిగే నీళ్ళు నాలుగో వంతు అనుకో, ఎక్కువే అనుకుందాం. 12.5 కోట్ల లీటర్లు. ఇనేదానికి బాగుంటాది. ఎకరాలో మీటరు నీళ్ళు పెట్టల్లంటే 40 లక్షల లీటర్లు. అంటే ముప్పై ఎకరాలు. కిలోమీటరు ఏటికి ముప్పై ఎకరాల వరి! దీనికా నీ చెలమ కథ? ఒక్క టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు వదినా. మీ ఇసక దాని కాలి గోరంత.

వదిన: వరి వరి అంటావేందప్పా, ఎవరడిగినారు వరి. అదే నీళ్ళు తాగేదానికి లెక్కెయ్యి. కొళాయి పథకంలో మనిషికి దినానికి ఎంత?

మరిది: 55 లీటర్లు.

వదిన: మన ఊర్లో రెండువేల మంది.

మరిది: లక్షా పదివేలు దినానికి. 12.5 కోట్లలో... వెయ్యిన్నూరు దినాలు.

వదిన: మూడేండ్లు. ఒక్క కిలోమీటరు ఇసకలో ఊరికి మూడేండ్ల నీళ్ళు. ఎండకు ఆవిరి కాకుండా, కరెంటు లేకుండా. సూర్యుడు తాగుతాడంటివే, ఇసకలోకి సూర్యుడు దిగడు.

(తప్పు లేదు లెక్కలో, నేను కూడా వేసి చూశాను. అయితే ఇసక ఐదు మీటర్లున్న చోట్లు ఇప్పుడు ఎన్ని మిగిలాయన్నది వేరే సంగతి. అది మరిదికి తట్టలేదు.)

మరిది: మూడేండ్లూ పై నుంచి ఒక్క చుక్క రాకుంటే, నువ్వొక్కదానివే తాగితే. ఒడ్డున ఎన్ని బోర్లుండాయి? నీది గూడా ఉండాది. నీ చీనీ తోట దేని మీద బతుకుతాంది, చెలమ మీదనా? ఎన్ని అడుగులు?

వదిన: ఆరునూర్ల ఇరవై.

మరిది: మళ్ళ?

వదిన: నేను బోరు లేదన్నానా? నేను చెప్తాండేదే అది. నీ 1892 కాగితంలో చెరువులుండాయి, ఆనకట్టలుండాయి. బోరు ఉండాదా? లేదు, అప్పుడు యాడిది బోరు. పైన చిక్కబళ్ళాపురంలో వాళ్ళు వెయ్యి అడుగులు దిగినారు, వంకలెంబడి నీలగిరి చెట్లు పెట్టినారు. వాళ్ళు మన ఏటిని కట్టేయలేదు, కింద నుంచి పీల్చినారు. కింద మనమూ పీల్చినాం. 2004లో ఉచిత కరెంటు వచ్చినాక మోటరు ఆపినోడు ఎవరు? ఇప్పుడు వాళ్ళకూ ఏం మిగల్లే. బెంగళూరు మురుగు నీళ్ళు కడిగి కోలారు, చిక్కబళ్ళాపురం చెరువులకు తోల్తాండారంట. పైనోడు దోచుకున్నాడని మనం ఏడుస్తాండాం, ఆ పైనోడేమో ఊరి మోరీ నీళ్ళకు కాచుకోని ఉండాడు. నీకు నవ్వు రాలేదా?

మరిది: నవ్వొచ్చేది నీ చెక్‌డ్యాములు చూస్తే. పదేండ్ల కిందట వాటర్‌షెడ్ కమిటీలో నువ్వే మెంబరు గదా. మన పైన వంక మీద ఎన్ని కట్టినారు? ఏడు. కట్టినాక కింది ఊరి చెరువు ఎన్నిసార్లు నిండి మరవ పారింది? నేనా సెక్షన్‌లోనే ఉంటిని, ఒక్కసారి గూడా లేదు. చెరువు నీళ్ళు పంచే ఆ ఊరి నీరుగంటి వచ్చి నా ఆఫీసు ముందర కూచున్నాడు. మీరు ఏడు చోట్ల నిలేసుకుంటే వాళ్ళకేం దిగుతాది? పరగోడు కట్టినోళ్ళు మనకేం చేసినారో, మీరు వాళ్ళకు అదే చేసినారు. వాళ్ళు కన్నడమోళ్ళు కాదు, నీ మేనత్త ఊరోళ్ళు. "యాడ పడిన నీళ్ళు ఆడనే" అని గోడల మీద రాస్తిరి. ఆడ పడిన నీళ్ళు ఆడనే ఆపితే ఇంగ ఏరు యాడ పారతాది? నువ్వు ఏడుస్తాండే ఏటిని సంపింది నువ్వు గూడా.

(రాయడానికి కూర్చున్నప్పుడు ఈ మాటకు వదిన చేత ఏం చెప్పించాలా అని చాలాసేపు ఆలోచించాను. వంక మీద కట్టిన ప్రతి అడ్డుకట్టా కింద ఎవరికో ఒకరికి ఆనకట్టే.)

వదిన: ఏడు ఎక్కువే. మూడు చాలునని నేను అన్నా. బిల్లులు పెట్టుకునేటోళ్ళు ఇన్లే.

మరిది: అన్నావో లేదో ఎవరికి తెలుసు.

వదిన: బిల్లుల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసులే.

మరిది: ఆ మాట వద్దు వదినా.

వదిన: ఎందుకొద్దు? తాత తవ్విచ్చిన మెట్లబావి ఎందుకు ఎండింది? భాగాలు పంచుకున్న ఆర్నెల్లకు, బావికి అరవై అడుగుల్లో రిగ్గు దించితివి. నీళ్ళు యాడుండాయో చెప్పేదానికి అరచేతిలో టెంకాయ పెట్టుకోని ఒగడు చేనంతా తిరిగినాడు, నిలబడింది పోయి బావి పక్కనే! బోర్లకు పర్మిషన్ పెట్టిన వాల్టా చట్టం వచ్చి ఎన్నాళ్ళైంది అప్పటికి? డిపార్టుమెంటు మనిషివి, పర్మిషన్ కాగితం తీసుకున్యావా?

మరిది: నా భాగంలో నేనేసుకున్నా. బావి నీ భాగంలో పడింది, మోటరు కరెంటు నువ్వే వాడుకుంటివి, నాకు ఒక తడి ఇస్తివా? మా అన్న ఇస్తానన్నాడు, నువ్వు వద్దంటివి.

వదిన: నేనా! దేవుని ముందర చెప్పు.

మరిది: ఈ పొద్దు అమ్మ సంవత్సరీకం, నాతో చెప్పిచ్చొద్దు.

(బావి గొడవ ఇంకా పావుగంట సాగింది. ఎవరి పెండ్లికి ఎవరు ఎంత పెట్టారన్నది కూడా వచ్చింది. అదంతా రాయను. రెండు రాష్ట్రాల ట్రిబ్యునళ్ళలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే అక్కడ వకీళ్ళుంటారు.)

మరిది: సరే, కడాకు ఒకటి. నీ ఏటికి నీళ్ళు రావని కాదు. వస్తాయి. ఎట్లొస్తాయో 2021 నవంబరులో చూస్తివి గదా. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము కొట్టకపోయింది, కింద ఊర్లే కొట్టకపోయినాయి. కమలాపురం కాడ పాపాఘ్ని బ్రిడ్జి కూలింది. పదేండ్లు రావు, వస్తే ఒక్క రాత్రిలో వస్తాయి. దాన్ని నీ చెలమ పట్టుకుంటాదా, నీ చెక్‌డ్యాము పట్టుకుంటాదా? కాలువ నీళ్ళు అట్ల కాదు. గేటు ఎత్తితే వస్తాయి, దించితే నిలబడతాయి.

వదిన: ఆ వరద పోయినాక మా బోరు రెండేండ్లు ఆగలేదు, తెలుసునా నీకు? కాలువ నీళ్ళు రాకనే. ఏరు ఒక్కసారి నిండుగా పారితే చాలు, నేల అంత దప్పిక మీద ఉంటాది. అందుకే నేనంటాండేది, మీ కృష్ణ నీళ్ళు వద్దని కాదు. రానీ. వచ్చి దిగేది యాడికి? మన చెరువులోకే, మన ఏట్లోకే. కాలువ తూము కాడ నుంచి చెరువు దాకా నడిచి చూసినావా ఈ మధ్య? చెరువులోకొచ్చే వంక యాడుండాది? జాలికంప. దాని పక్క చదును చేసిన చేండ్లు. కట్టకు రంధ్రాలు. శ్రీశైలం నుంచి అంత దూరం కొండలెక్కిచ్చి తెచ్చిన నీళ్ళు ఆఖరి ఫర్లాంగులో దారి లేక రోడ్డు మీద పారతాయి. 2022 అక్టోబరులో అనంతపురంలో ఇండ్లల్లోకి నీళ్ళొచ్చె గదా, వంక యాడ పోవాల్నో ఆడ ఇండ్లు కట్టుకుంటిమి. వంకకు దారి ఇయ్యనోళ్ళం కృష్ణకు దారి ఇస్తామా?

మరిది: వంక సర్వేలో ఉండాది. ఎఫ్ఎంబీ, అదే సర్వే కొలతల నక్షా, తీస్తే తెలుస్తాది.

వదిన: తీసినా. పోయిన నెల తాలూకాఫీసులో కాపీ తీసుకున్యా. ఇదో, బీరువాలో ఉండాది, తెస్తా ఉండు.

(తెచ్చింది. మరిది కండ్లద్దాలు పెట్టుకున్నాడు. నక్షా మీద వేలు పెట్టి వంక వెంబడి నెమ్మదిగా కిందికి జరిపాడు. రోడ్డు దాటింది, ఊరి శ్మశానం దాటింది, ఒకచోట ఆగింది.)

మరిది: ఇది మన చేను గదా.

వదిన: మనదే. తాత కాలంలో కలిపేసినారు. పైన నీ భాగం, కింద నా భాగం. వంక రెండిట్లోనూ ఉండాది.

మరిది: తెరిస్తే నాది నాలుగు సెంట్లు పోతాది. నీది ఆరు.

వదిన: ఏడు. కొలిచినా.

మరిది: ఆడ చీనీ చెట్లు పెట్టినావు గదా నువ్వు. ఎన్నుండాయి?

వదిన: పదకొండు.

మరిది: కాపుకొచ్చినవి?

వదిన: ఎనిమిది.